ఇనుమా, రబ్బరా

2003. మచిలీపట్నంలో చిలకలపూడి వెళ్ళే రోడ్డు మీద నతానియేలు కార్ల షెడ్డు. ర్యాలీ కారు జాకీల మీద ఉంది. నతానియేలు కారు కింద పడుకుని ఉన్నాడు. సముద్రం ఒడ్డున కోడూరులో రొయ్యల చెరువులున్న గోవర్ధనరావు పక్కన నిలబడి ఉన్నాడు.

"నేనదే చెబుతున్నాను నతానియేలూ. ముందు చక్రాలు తిరుగుతున్నాయి. వెనకవి రావట్లేదు. ముందువి వెళ్ళిపోయాక, అప్పుడు గుర్తొచ్చినట్టు వస్తున్నాయి."

"గుర్తొచ్చినట్టు అంటే ఎట్లా బావగారూ?"

"పెళ్ళికి బయల్దేరేటప్పుడు అందరూ కారెక్కాక ఒకరు తాళం వేశామా లేదా అని వెనక్కెళ్తారు చూడు. అట్లా."

"ఎందుకండీ అంత అరిచి చెబుతున్నారు? నాకు బాగానే వినపడుతోంది, కొంచెం మెల్లగా చెప్పండి."

"అదే, మలుపులోనే వస్తోంది. తిన్నగా వెళ్తే ఏమీ లేదు."

"ఆ పదిహేడో నంబరు స్పానరు ఇటు అందుకుంటారా?"

"దానికి గ్యారంటీ ఏముంటుంది. ర్యాలీ కారుకి గ్యారంటీ ఎవడిస్తాడు."

"స్పానరండీ. మీ కాలి దగ్గర."

"ఈ కొత్త రాడ్లమ్మిన కోయంబత్తూరాయన మంచోడే. చెప్పిన రోజుకి పంపించాడు."

"సరే. నేనే బయటికొస్తున్నాను."

"ఏంటి, అయిపోయిందా?"

"స్పానరు కోసం వచ్చాను."

"నన్నడిగితే ఇచ్చేవాణ్ణి కదయ్యా."

"ఇప్పుడెట్లాగూ వచ్చాను కాబట్టి ఒక మాట వినండి. మొన్న ర్యాలీలో వంగిపోయిన రాడ్డు తీసేసి, కంపెనీ రాడ్డే కొత్తది వేసి, నిన్న సాయంత్రం మంగినపూడి దాకా తోలాను. కావాలని గట్టిగా తిప్పాను. నేను తిప్పినప్పుడల్లా వెనకది వచ్చింది. ఆలస్యమేం లేదు."

"ఎంత వేగంలో తోలావు?"

"తోలాల్సినంతలో. గేదెలున్నాయి."

"గేదెలున్నంతలో తోలితే ఎడ్లబండి కూడా బాగానే తిరుగుతుంది. నేను చెప్పేది మట్టిరోడ్డు మీద సంగతి. పక్కన లోయ ఉన్నప్పుడు."

"లోయ ఉన్నా కారు అదేగా బావగారూ."

"కారు అదే. మనిషి అదే కాదు. వదిలెయ్. రాడ్ల సంగతి చెప్పు. సరళ బజారు నుంచి వచ్చేలోగా మనం తేల్చేయాలి."

"చెల్లెమ్మ వస్తే ఏం?"

"ఏం లేదు. ఆవిడకి అన్నీ వివరంగా చెప్పాలి. మధ్యాహ్నం అవుతుంది."

"అయితే మీకు వివరంగా చెబుతాను, చూడండి. ఇది కంపెనీ రాడ్డు. రేకు మడిచి చేసింది. రెండు కొసల్లో మెత్తటి రబ్బరు బుష్షు. వెనక చక్రాన్ని బాడీకి పట్టి ఉంచడం దీని పని. బాగా ఒత్తిడి పడితే రబ్బరు నలుగుద్ది, రేకు రవ్వంత వంగుద్ది, చక్రం కొంచెం పక్కచూపు చూస్తది."

"ఆ పక్కచూపే నన్ను తీసుకెళ్ళి తుమ్మచెట్టుకి కొట్టింది."

"ఇది రెండోది. లావు పైపు, వంగదు. మధ్యలో మర ఉంది. ఇటు తిప్పితే పొడుగు, అటు తిప్పితే పొట్టి. చక్రం ఎటు చూడాలో మన ఇష్టం, సరిచేసుకుని నట్టు బిగించేయడమే. కొసల్లో రబ్బరే గానీ గట్టి రబ్బరు. ఇక ఇది మూడోది. పైపూ అదే, మరా అదే. కొసల్లో రబ్బరు లేదు. ఇనప గిన్నెలో ఇనప గుండు."

"మూడోది."

"పూర్తిగా వినండి."

"విన్నాను. మూడోది."

"మీది కోడూరు. ఆ ఉప్పుగాలికి కిటికీ ఊచలే నిలవ్వు. ఈ గుండుకి పైన తొడుగు కూడా లేదు. నాలుగు వానలకి లోపలికి బురద వెళ్ళుద్ది, అరుగుద్ది, టకటకా కొట్టుకుంటది."

"అరిగితే మార్చు."

"అరక్కముందు కూడా చప్పుడే. లోపల కూర్చున్నోళ్ళకి డబ్బాలో గోళీలు పోసి ఊపినట్టు ఉంటది. రోడ్డు మీద ఉన్న రాయల్లా లోపలికొచ్చి మాట్లాడుద్ది."

"అదే కావాలి నాకు."

"ఏది?"

"రాయి మాట్లాడాలి."

"రాయి మాట్లాడితే మరి చెల్లెమ్మ మాట? మీరు తోలతారు, పక్కన కూర్చుని మలుపులు చదివేది ఆవిడ. ఎడమ, కుడి, గుంట, బ్రేకు, అంతా ఆవిడ నోట్లో నుంచి రావాలి. ఈ చప్పుడులో అది మీకెట్లా వినపడుద్ది?"

"తను గట్టిగానే చదువుతుంది."

"గట్టిగా చదివినా..."

"హెల్మెట్లో మైకుందిగా."

"ఆ మైకు సంగతే అడుగుదామనుకుంటున్నాను. నిన్న..."

"మా నాన్న బండలాగుడు పందేలకి ఎడ్లు కట్టేవాడు, తెలుసుగా నీకు. మేపుడు దగ్గర, లాడాల దగ్గర ఎవరి మాటా వినేవాడు కాదు. ఏ ఎద్దుకి ఏది కావాలో ముల్లుగర్ర పట్టుకున్నవాడికి తెలుస్తుంది అనేవాడు."

"ముల్లుగర్ర మీ చేతిలోనే ఉంది, కాదన్లేదు. నేను మైకు గురించి..."

"టీ తాగుదామా?"

"వద్దండీ, ఇప్పుడే..."

"మూడు టీ చెప్పొస్తాను. సరళ కూడా వచ్చే వేళయింది. నువ్వు ఆ ఇనపవి బిగించడం మొదలుపెట్టు."

గోవర్ధనరావు ఎదురుగా ఉన్న టీ కొట్టుకి వెళ్ళాడు. కాసేపటికి ఆయన భార్య సరళ బజారు సంచులతో వచ్చింది.

"ఈయనేరన్నయ్యా?"

"టీ చెప్పొస్తానని వెళ్ళాడమ్మా. అదుగో, ఆ కొట్టు ముందు నిలబడ్డాడు. కూర్చో."

"ఏం తేల్చారు?"

"మూడోది."

"ఇనపదా?"

"ఇనపదే."

"చప్పుడెక్కువని చెప్పారా?"

"చెప్పాను. అదే కావాలన్నాడు."

"నేను వద్దన్నానని మాత్రం చెప్పలేదుగా?"

"చెప్పొద్దన్నావు కాబట్టి చెప్పలేదు."

"అయితే అవి రాలేదని చెప్పండి."

"వచ్చినయ్యమ్మా. ఆయనే పెట్టె విప్పాడు."

"అయితే సరిపోవట్లేదని చెప్పండి."

"సరిపోయినయ్యి. పొద్దున ఆయన ముందే పెట్టి చూశాను."

"అన్నయ్యా, సరిపోవట్లేదని చెప్పండి అంటున్నాను."

"అబద్ధం చెప్పమంటావు."

"మీ చర్చిలో ఒప్పుకోరా?"

"చర్చి దాకా ఎందుకు. ఆయనకి కారు సంగతి నాకు తెలిసినంతా తెలుసు. స్పానరు పట్టుకుని ఒక్కసారి తిప్పితే దొరికిపోతాను."

"దొరికితే దొరుకుదురు గానీ. ముందు చెప్పండి."

"చెల్లెమ్మా, ఒకటి అడుగుతాను, ఏమనుకోవద్దు. నిన్న మైకు వైరు చూద్దామని ఆయన హెల్మెట్ పెట్టుకున్నాను. నీ హెల్మెట్ మైకు మీద వేలితో తట్టాను. మా చర్చి మైకు ఊడదీసి చెవిలో పెట్టినట్టయింది. తెల్లారేదాకా కూత పెట్టింది చెవి. సౌండు బటను చివరికంటా తిప్పి ఉంది."

"వైరు బాగుందా మరి?"

"వైరు బాగుంది."

"సరే అయితే."

"చెల్లెమ్మా."

"ఏంటి?"

"ఇందాక కారు కింద ఉండి స్పానరు అడిగాను. ఆయన కోయంబత్తూరాయన మంచోడని చెప్పాడు."

"కారు కింద ఉండి ఎందుకు అడిగారు?"

"కారు కింద పని చేసేటప్పుడు కారు కిందే ఉంటానమ్మా."

"మొహం కనపడాలి ఆయనకి. మొహం చూస్తూ మాట్లాడితే ఏ ఇబ్బందీ లేదు. పెదాలు చూసి పట్టేస్తారు."

"ఎప్పణ్ణుంచి?"

"ఫలానా రోజు నుంచని ఉంటుందా. చెరువు గట్టు మీద డీజిలు ఇంజన్లు, వాటి పక్కనే మంచం వేసుకుని ఎన్నేళ్ళు పడుకున్నారు. ఇంజను ఆగితే నిద్ర లేచేవారు, ఆడుతుంటే పడుకునేవారు. దాని మీద ఈ కారు సైలెన్సరు. ముందు కోకిల వినపడట్లేదన్నారు. ఈ ఏడు కోకిలలు రాలేదేంటి అన్నారు. కొబ్బరిచెట్టు మీదే కూర్చుని అరుస్తోంది. నేను అవునండీ, రాలేదు అన్నాను."

"ఆయనకి తెలుసా?"

"తెలియదు. తెలిస్తే కారు ఎక్కుతారా? అందరూ నోట్లో నోట్లో మాట్లాడుతున్నారని విసుక్కుంటారు."

"మొన్న కడప కొండల్లో ర్యాలీలో అసలేమైంది?"

"రాడ్డు వంగింది కదా."

"రాడ్డు వంగింది. నేనే తీశాను. ఎట్లా వంగిందీ అని."

"ఎడమ అన్నాను. ఎడమ, ఆ పైన మలుపు ఇంకా బిగుస్తుంది, లోపలి అంచుకి కోసుకుంటూ వెళ్ళొద్దు అన్నాను. సరిగ్గానే అన్నాను, చెప్పాల్సిన చోటే అన్నాను. ఆయన తిన్నగా వెళ్తూనే ఉన్నారు. మళ్ళీ అన్నాను. మలుపు కళ్ళకి కనపడ్డాక తిప్పారు. ఆ వేగంలో అప్పుడు తిప్పితే వెనకది ఆగుతుందా? తిరిగిపోయి చెట్టుకి తగిలింది. బయటికి దిగి మొదటి మాట ఏమన్నారో తెలుసా. రాడ్డు చూశావా సరళా, రాడ్డు వల్లే అన్నారు. చెట్టుకి తగిలితే ఏ రాడ్డయినా వంగుతుంది."

"నువ్వేమన్నావు?"

"అవును, రాడ్డు వల్లే అన్నాను."

"అట్లా ఎందుకన్నావమ్మా?"

"ఏమనమంటారు? ఇంతకుముందు ఒక్క మలుపూ తప్పేది కాదు. నేను చెప్పేటప్పుడు చెయ్యి కూడా చూపిస్తాను. ఎడమైతే ఇటు, కుడైతే అటు. గుంటైతే కిందికి. ఆయన దృష్టిలో పడేట్టు, ఇక్కడ, గేరు మీదుగా. నాకేదో చేతులు ఊపుకుంటూ చదివే అలవాటు అనుకుంటున్నారు. చెయ్యి ఉంటే అన్నీ సరిగ్గా తిప్పుతారు. మొన్న ఆ మలుపుకి ముందు గుంటలో ఎగిరిపడ్డాం. తల పైన కొట్టుకుంది. రెండు చేతులతో పైన కమ్మీ పట్టుకున్నాను. నోటితోనే చెప్పాను."

"అంటే కారు తోలుతున్నది నీ చెయ్యి."

"అట్లా అనకండి. తోలేది ఆయనే."

"ఎక్కడం మానెయ్యమ్మా. నువ్వు ఎక్కకపోతే ఆయనా మానతాడు."

"మానరు. ఇంకొకరిని ఎక్కించుకుంటారు. ఆ ఇంకొకరికి తెలియదు కదా, నోటితో చెప్పి ఊరుకుంటారు."

"పోనీ తెగించి చెప్పేయ్."

"చెప్పేస్తే అయిపోతుందన్నయ్యా, ఆ తర్వాత? వైరస్ వచ్చి చెరువుల్లో రొయ్యంతా తేలిపోయిన ఏడు మా ఊళ్ళో మగాళ్ళు మంచాలు దిగలేదు. మా బావగారు వేసవంతా గోడవైపు తిరిగి పడుకున్నారు. ఈయన మాత్రం పొద్దునే లేచి కారు కడిగేవారు. ఎక్కడికీ తియ్యకుండానే మర్నాడు మళ్ళీ కడిగేవారు. ఆ కారు నా చేత్తో ఎట్లా లాక్కోమంటారు?"

"మరి ఇనప గుండు వేస్తే?"

"ఇప్పుడు నా మాట రెండోసారికైనా కొంత వినపడుతోంది. ఆ చప్పుడులో అది కూడా పోతుంది. రబ్బరువి వెయ్యండి. గట్టివే వెయ్యండి, ఆయన సరదా తీరుతుంది. ఇనపవి మాత్రం వద్దు."

"వస్తున్నాడు."

"మీ మొహం మామూలుగా పెట్టండి."

"నా మొహం ఎప్పుడూ ఇంతేనమ్మా."

గోవర్ధనరావు మూడు టీ గ్లాసులతో వచ్చాడు.

"ఆలస్యమైంది. ఆ కొట్టువాడికి మూడంటే రెండని వినపడింది. మళ్ళీ పెట్టించాను. వాడికి కొంచెం చెవుడనుకుంటా."

"అయ్యుండొచ్చండీ."

"ఎప్పుడొచ్చావు సరళా?"

"ఇప్పుడే."

"ఏంటి నతానియేలూ, ఇంకా మొదలుపెట్టలేదు?"

"బావగారూ, ఆ ఇనపవి సరిపోవట్లేదు."

"పొద్దున సరిపోయాయిగా."

"పొద్దున సరిపోయినయ్యి."

"ఇప్పుడు?"

"ఇప్పుడు సరిపోవట్లేదు."

"ఎండకి పెరిగాయా?"

"పెరిగుండొచ్చు."

"ఇటివ్వు. స్పానరు. ఆ, జరుగు. ఇదుగో, సరిపోయింది."

"నీడకి తెచ్చారుగా."

"నతానియేలూ, అబద్ధం నీ వల్ల కాదు. ఎవరు చెప్పమన్నారు?"

"ఎవరూ చెప్పలేదు. ఉప్పుగాలికి..."

"సరళా, నువ్వు చెప్పమన్నావా?"

"నేనెందుకు చెబుతాను."

"అయితే ఇనపవే."

"చప్పుడండీ."

"చప్పుడైతే ఏమైంది?"

"నా మాట మీకు వినపడదు."

"వినపడుతుంది."

"వినపడదు."

"ఇప్పుడు వినపడట్లేదా నువ్వు అనేది?"

"ఇప్పుడు నా మొహం చూస్తున్నారు."

"బావగారూ, నేను లోపల కొంచెం పని చూసుకుని..."

"ఉండు."

"ఉండండన్నయ్యా."

"ఉంటాను."

"నా చెవుల సంగతి ఎప్పుడు తెలిసింది సరళా నీకు?"

"ఇంట్లో ఉండేదాన్ని. తెలియడానికి ఏముంది?"

"చెప్పలేదే?"

"మీకు తెలియదనుకున్నాను."

"గుడివాడలో చెవుల డాక్టరు దగ్గరికెళ్ళాను."

"ఎప్పుడు?"

"రొయ్యల మేత కోసం వెళ్తున్నానన్నాను చూడు, ఆ రోజు."

"ఆ రోజు మేత తెచ్చారు కదా."

"మేత కూడా తెచ్చాను."

"ఏమన్నాడు డాక్టరు?"

"చాలా చెప్పాడు. సగం వినపడలేదు."

"మిగతా సగం?"

"పోయింది ఇక రాదన్నాడు. ఉన్నదానికి చెవి మిషను పెట్టుకోమన్నాడు. అక్కడే పెట్టి చూపించాడు, బాగానే ఉంది. దాని మీద హెల్మెట్ పెట్టుకోవచ్చా అని అడిగాను. కూత పెడుతుందన్నాడు. అయితే వద్దులెండి అని వచ్చేశాను."

"నాతో ఒక్క మాట చెప్పి ఉంటే..."

"చెబితే ఎక్కనంటావు కదా. అందుకే ఈ ఇనపవి అడుగుతున్నాను సరళా. వేగం కోసం కాదు. రబ్బరుంటే రోడ్డు సంగతి నా దాకా రాదు, అదే మింగేస్తుంది. ఇనుమైతే వెనక చక్రం కింద గులకరాయి దొర్లినా నడుముకి తెలుస్తుంది. కారు జారబోయే ముందు సన్నగా వణుకుతుంది. అది తెలిస్తే చాలు, సర్దుకుంటాను. చెవితో వినాల్సింది నడుముతో వింటాను."

"కాళ్ళ కింద ఉన్న రోడ్డు నడుముకి తెలుస్తుంది. ముందు రాబోయే మలుపు?"

"దానికి నీ చెయ్యుందిగా."

"నా చెయ్యి చూస్తున్నారా మీరు?"

"చూడకపోతే ఇన్ని ర్యాలీలు ఎట్లా పూర్తి చేశాననుకున్నావు?"

"నాకు చేతులు ఊపే అలవాటని మీరు అనుకుంటున్నారనుకున్నాను."

"అలవాటనే అనుకున్నాను. అడిగితే మానేస్తావేమోనని అడగలేదు."

"నేను మీ కోసమే ఊపుతున్నానండీ."

"అది ఇప్పుడు తెలిసింది."

"బావగారూ, టీ చల్లారిపోతోంది."

"తాగుతున్నానులే. మొన్న ఆ మలుపులో చెయ్యి రాలేదు. నాకు తెలుసు. నీ పెదాలు కదులుతున్నట్టు కనపడుతోంది, కానీ నీ వైపు తిరిగితే రోడ్డు పోతుంది. చెయ్యి కోసం చూశాను. రాలేదు."

"తల తగిలింది. పైన కమ్మీ పట్టుకున్నాను."

"తెలుసు."

"తెలిసి మరి రాడ్డు వల్ల అన్నారెందుకు?"

"నీ చెయ్యి వల్ల అనమంటావా? ఏడవకు. నతానియేలు చూస్తున్నాడు."

"నేను చూడట్లేదు."

"ఏడవట్లేదు నేను. వినండి. ఇక నేను ఎక్కను. నాకేమన్నా అవుతుందని కాదు. నా చెయ్యి చూస్తూ తోలుతుంటే రోడ్డెవరు చూస్తారు? శ్రీజ గుడివాడ హాస్టల్ నుంచి ప్రతి ర్యాలీకి ముందు ఫోను చేస్తుంది. మీరిద్దరూ ఒకే కార్లో ఎందుకు కూర్చోవాలమ్మా అని అడుగుతుంది. నాన్నకి బాగా తోలడం వచ్చు, నాకు బాగా చదవడం వచ్చు అని చెబుతాను. ఈసారి అడిగితే ఏం చెప్పను?"

"వచ్చే నెల కోయంబత్తూరు ర్యాలీ. ఆ ఒక్కటీ."

"ఆ ఒక్కటీ కూడా వద్దు."

"పేరు ఇచ్చేశాం. సామాన్లు వచ్చేశాయి."

"బావగారూ, నేనొక మాట చెబుతాను, కోపం తెచ్చుకోవద్దు. నేను బిగించను."

"ఇనపవి బిగించవా?"

"ఇనపవీ బిగించను, రబ్బరువీ బిగించను. కారు వెనక జారితే రాడ్డు మార్చగలను, షాకబ్జరు మార్చగలను. మీరు చెప్పిన జబ్బు కారుకి లేదు. మందు మాత్రం కారుకి వెయ్యమంటున్నారు. రేపు ఏదన్నా అయితే రాడ్డు నతానియేలు బిగించాడంటారు. అనకపోయినా నేను అనుకుంటాను. వేరే షెడ్డుకి తీసుకెళ్ళండి. సామాను నేనే కట్టిస్తాను."

"ఇన్నేళ్ళయి నీ దగ్గరికి తప్ప ఎక్కడికన్నా వెళ్ళానా?"

"లేదు. అందుకే చెబుతున్నాను."

"ఏమండీ. ఏదో ఒకటి అనండి."

"అంటాను. ఆగు."

"టీ తాగి అనండి."

"సరళా, కడప నుంచి కోడూరు దాకా ఆ వంగిన రాడ్డుతో కారు ఎవరు తోలారు?"

"నేనే. మీ భుజం బెణికిందిగా."

"వెనక చక్రం ఎటో చూస్తోంది. ఒంగోలు దగ్గర వాన. ఎట్లా తెచ్చావు?"

"ఎట్లా ఏముంది. అది చెబుతూనే ఉంది కదా. వేగం పెరిగితే టైరు ఏడుపు మారుతుంది. ఆ ఏడుపు పెద్దదవకుండా తోలాను. లారీలు వెనక నుంచి వస్తుంటే చప్పుడు విని ముందే సర్దుకున్నాను. మీరు నిద్రపోయారు, మీకెట్లా తెలుస్తుంది."

"నిద్రపోలేదు. కళ్ళు మూసుకున్నాను. నాకు ఆ ఏడుపు వినపడలేదు. నడుముకి మాత్రం తెలుస్తూనే ఉంది. కారు జారబోయేది, నేను అనుకునేలోపే నువ్వు సర్దేసేదానివి. పులిగడ్డ అక్విడక్టు వంతెన దాటేదాకా నీలో ఒక్క తప్పు వెతుకుదామని చూశాను. దొరకలేదు. నాకు కొంచెం కష్టంగా కూడా అనిపించింది."

"ఇప్పుడు ఆ సంగతెందుకు?"

"నతానియేలూ, రబ్బరువి వెయ్యి."

"నేను ఏవీ వెయ్యనన్నానండీ."

"గట్టి రబ్బరువి. మర ఉన్నవి. వెనక చక్రాలు రవ్వంత లోపలికి చూసేట్టు పెట్టు, కారు తొందరపడకుండా ఉండాలి. లోపల చప్పుడు ఉండకూడదు. టైరు ఏడిస్తే వినపడాలి."

"మీకు వినపడదు కదా బావగారూ."

"సీటు కూడా ముందుకు జరపాలి. పట్టాలకి కొత్త బెజ్జాలు వెయ్యి. తను పొట్టి."

"నేను పొట్టా?"

"పెడళ్ళు అందాలి కదా."

"ఏ పెడళ్ళు?"

"మూడూ."

"ఏమండీ, ఏం మాట్లాడుతున్నారు మీరు?"

"ఉండమ్మా. బావగారూ, అయితే మీరు కోయంబత్తూరు వెళ్ళట్లేదా?"

"ఎందుకు వెళ్ళను? నేను వెళ్ళకపోతే పక్కన కూర్చుని మలుపులు ఎవరు చదువుతారు?"

"మీరా? ఈ చెవులతోనా?"

"చదవడానికి చెవులెందుకు?"